పరాయి పట్టణములో ఒంటరివాడు



వాన తప్పి శెనక్కాయ చేలు ఎండిన ఏట మా బెళుగుప్ప నుండి బెంగుళూరికి మూట కట్టనివారు తక్కువ. తెల్లవారుజామున బస్సు దిగి, భాష రాక, ఎవరిని అడుగవలెనో తోచక నిలుచుండుట ఎట్టిదో వారెరుగుదురు. వారిని తలంచుకొనియే ఈ నెల యెల్లాప్రగడ సుబ్బారావుగారి చరిత్ర వ్రాయుచున్నాము. ఆయన క్రైస్తవుడు కాడు. అయినను మన సంఘస్థులు ఎరుగవలసిన మనుష్యుడని మా తలంపు.

ఆయన 1895 జనవరి 12వ తేదీన భీమవరములో పుట్టెను. ఇంట లేమి. పదమూడేండ్ల ప్రాయమున, కాశీలో యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనము గడింతునని ఇల్లు విడువగా, తల్లి పట్టి తెచ్చి బడిలో కూర్చుండబెట్టెను. మెట్రిక్యులేషను రెండు మారులు తప్పి మూడవమారు గట్టెక్కెను. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు తొడిగినందున శస్త్రచికిత్స బోధించు దొరకు కంటగింపాయెను, ఎం.బి.బి.ఎస్.కు బదులు తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టా చేతికి వచ్చెను. స్ప్రూ అను పేగుల జబ్బు సోదరులను తీసికొనిపోయెను. తానును దానిపాలై లేచెను. ఇట్టి రోగములను గూర్చి చదువవలెనని అమెరికాకు పోదలచెను. మామగారు కొంత డబ్బు సమకూర్చిరి. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మసంస్థవారు సహాయము చేయుదుమని మాట ఇచ్చిరి.

1922 అక్టోబరు 26వ తేదీన ఆయన బోస్టను పట్టణము చేరెను. ఆ కాలమున అది వారముల తరబడి ఓడ ప్రయాణము. చలి ముదురుచున్న దినములు. ఎరిగిన మొగము లేదు. చేతిలోని డబ్బు కొద్ది. హార్వర్డు వారి ఉష్ణదేశ రోగముల పాఠశాలలో చోటు దొరికినదే గాని, కూడు గుడ్డ తానే చూచుకొనవలెను. అక్కడి ఆచార్యుడు రిచర్డు స్ట్రాంగు అను వైద్యుడు ఆయనకు అండగా నిలిచెను.

పగలు చదువు, రాత్రి ఆసుపత్రిలో కూలి. ఆ కూలి ఏమనగా, రోగుల మలమూత్రముల పాత్రలు కడుగుట. డాక్టరు పట్టా గలవాడు, బ్రాహ్మణుల యింటి బిడ్డ, ఆ పని చేసి పొట్ట పోసికొనెను. మన పల్లెలలో ఈ పని ఎవరికి అంటగట్టబడినదో మేము చెప్పనక్కరలేదు. బోస్టనులో అది రాత్రికి ఇంతయని కూలి వచ్చు పని, అంతియే. పౌలు ఒంటరిగా ఏథెన్సు గడచి కొరింథు చేరినప్పుడు అకుల అను వాని యింట దిగి, డేరాలు కుట్టి బ్రదికిన సంగతి అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయములో చదువుదుము. పెద్ద పనికి వచ్చినవానికైనను మొదట కావలసినది తల దాచుకొను చోటును, చేతికి పనియును.

తరువాతి సంగతి చాలమందికి తెలిసినదే. రక్తములోని భాస్వరమును కొలుచు పద్ధతిని ఫిస్కెతో కూడి 1925లో ప్రకటించెను. 1930లో హార్వర్డులో పిహెచ్.డి. పట్టా పొందెను. అక్కడ స్థిరమైన ఉద్యోగము దొరకనందున 1940లో లెడర్లీ అను మందుల కంపెనీకి పోయెను. బోదకాలు జబ్బుకు హెట్రజాను, ఆరియోమైసిను అను సూక్ష్మజీవి నాశని, ఆయన ఏలుబడిలోని పరిశోధనశాలనుండియే వెలువడెను. 1945లో అక్కడివారు ఫోలిక్ ఆమ్లమును తయారుచేయు విధానమును ప్రకటించిరి. స్ప్రూ రోగులకు అది మందాయెను. నేడు మన ఆసుపత్రులలో గర్భిణీలకు ఇనుముతో కలిపి ఇచ్చు మాత్రలో ఉన్నది అదియే. చేదని పారవేయు చెల్లెండ్రు ఈ మాట జ్ఞాపకముంచుకొనవలెను.

ఆయన భార్య శేషగిరిగారిని చరిత్రకారులు ఒక్క వాక్యముతో దాటిపోవుదురు. మాకు మనసొప్పదు. ఆయన వెళ్లిన పిమ్మట ఆమెకు కుమారుడు పుట్టెను. తండ్రి మొగము చూడకయే ఆ బిడ్డ పసితనమున చనిపోయెను. పరాయి పట్టణమున భర్త ఒంటరియైనట్లే, సొంత ఊరిలో ఆమెయు ఒంటరి. సుబ్బారావుగారు మరల ఈ దేశమునకు రాలేదు. 1948 ఆగస్టులో అమెరికాలోనే గుండె ఆగి మరణించిరి. వారి పెండ్లి 1919లో జరిగినది. కలిసి కాపురమున్నది నాలుగేండ్లైనను కాదు.