నీల్స్ ఎబ్బెసెన్ హాన్సెన్

నీల్స్ ఎబ్బెసెన్ హాన్సెన్ (జనవరి 4, 1866 - అక్టోబరు 5, 1950) డెన్మార్క్‌లో జన్మించిన అమెరికన్ ఉద్యానశాస్త్రవేత్త, విత్తనాన్వేషకుడు. చలిని, బెట్టను తట్టుకొనే పశుగ్రాసపు మొక్కలను రష్యా, సైబీరియా, మధ్య ఆసియా ప్రాంతాల నుండి సేకరించి అమెరికాకు తెచ్చినవారిలో ఈయన ప్రముఖుడు.

బాల్యం, విద్య

హాన్సెన్ డెన్మార్క్‌లోని రీబే పట్టణంలో జన్మించాడు. 1873లో ఈయన కుటుంబం అమెరికాకు వలస వెళ్ళి, తరువాత అయోవా రాష్ట్రంలో స్థిరపడింది. అయోవా వ్యవసాయ కళాశాలలో 1887లో పట్టభద్రుడైన హాన్సెన్, 1895లో దక్షిణ డకోటాలోని బ్రూకింగ్స్ వ్యవసాయ కళాశాలలో ఉద్యానశాస్త్ర ఆచార్యుడిగా చేరాడు. 1937లో పదవీ విరమణ చేసేవరకు అక్కడే పనిచేశాడు.

నేపథ్యం

డకోటా మైదానాలలో వర్షపాతం తక్కువ, శీతాకాలం కఠినం. తేమగల తూర్పు ప్రాంతాల నుండి వచ్చిన రైతులు తమ వెంట తెచ్చిన తిమోతి గడ్డి, ఎర్ర క్లోవర్ వంటి మేత పైర్లు ఇక్కడ సరిగా నిలవలేదు. మేత లేకపోతే పశుపోషణ సాగదు. ఇటువంటి వాతావరణమే ఉన్న దేశాలలో వెదికితే తగిన మొక్కలు దొరుకుతాయని హాన్సెన్ భావించాడు.

విత్తనాన్వేషణ యాత్రలు

1897లో అమెరికా వ్యవసాయ శాఖ కార్యదర్శి జేమ్స్ విల్సన్ ఈయనను విదేశాలకు పంపాడు. తుర్కెస్తాన్, సైబీరియాలలో హాన్సెన్ గుర్రపుబండ్ల మీద, మంచుబండ్ల మీద వందలాది మైళ్ళు ప్రయాణించాడు. లూసర్న్ (అల్ఫాల్ఫా) గడ్డిజాతి కాదు, చిక్కుడు కుటుంబానికి చెందిన పశుగ్రాసం. సాధారణ లూసర్న్ పూలు ఊదారంగులో ఉంటాయి. ఉత్తరాన సైబీరియా మైదానాలలో తీవ్రమైన చలిని తట్టుకొనే పసుపు పూల జాతి పెరుగుతుందని ఈయన గుర్తించాడు.

అయితే పసుపు జాతి కోసిన తరువాత నెమ్మదిగా చిగురిస్తుంది, దాని గింజలు త్వరగా రాలిపోతాయి. అందువలన దిగుబడి తక్కువ. దీని ఓర్పును, ఊదా జాతి దిగుబడిని ఒకే మొక్కలో కలపడమే ఆ తరువాతి పరిశోధకుల ముందున్న సమస్య అయింది. ఈయన రష్యా నుండి తెచ్చిన కొసాక్ రకంలో రెండు జాతుల లక్షణాలూ ఉన్నాయి.

క్రెస్టెడ్ వీట్‌గ్రాస్

1898లో వోల్గా ప్రాంతపు పరిశోధనా కేంద్రం నుండి హాన్సెన్ పంపిన క్రెస్టెడ్ వీట్‌గ్రాస్ విత్తనం మొదట వ్యాప్తి చెందలేదు. 1906లో వచ్చిన విత్తనాన్ని దక్షిణ డకోటాలోని బెల్ ఫూష్, ఉత్తర డకోటాలోని మాండన్ కేంద్రాలలో పరీక్షించారు. ఈ గడ్డి వేళ్ళు దట్టంగా అల్లుకొంటాయి. వసంతారంభంలోనే, కరిగిన మంచు తేమతో పెరిగి మేతనిస్తుంది. వేసవి ఎండలలో పెరుగుదల ఆపి నిద్రావస్థకు చేరుతుంది. 1930ల కరువులో, ధూళి తుఫానులకు పాడై రైతులు విడిచిన గోధుమ పొలాలలో దీనిని విస్తారంగా విత్తారు.

ఈ గడ్డికి పరిమితులున్నాయి. వేసవిలో ముదిరి పోషక విలువ కోల్పోతుంది. ఇది ఒక్కటే విస్తరించిన చోట స్థానిక గడ్డిజాతులు తిరిగి మొలకెత్తడం కష్టమని తరువాతి పరిశోధకులు గుర్తించారు.

చివరి రోజులు

హాన్సెన్ చలిని తట్టుకొనే ప్లమ్ వంటి పండ్ల రకాలను కూడా రూపొందించాడు. 1934లో సోవియట్ ప్రభుత్వ ఆహ్వానంపై సైబీరియాలో పర్యటించాడు. 1950 అక్టోబరు 5న బ్రూకింగ్స్‌లో మరణించాడు.