గుండె గీతను కాగితం మీదికి తెచ్చిన డాక్టరు

మీ ఇంట్లో ఎవరికో ఒకరికి ఎప్పుడో ఒకప్పుడు ఈసీజీ తీసే ఉంటారు. చేతులకు, కాళ్లకు క్లిప్పులు. ఛాతీ మీద చల్లటి జెల్లీ, దాని మీద రబ్బరు బుడ్డీలు. రెండు నిమిషాల్లో గులాబీ రంగు గళ్ల కాగితం మీద మెట్టపల్లాల్లాంటి గీత బయటకు వస్తుంది. బాన్సువాడ చుట్టుపక్కల ఊళ్ల నుంచి దవాఖానకు వచ్చే పెద్దవాళ్లలో కొందరు ఆ తీగలను చూడగానే ఒళ్లు బిగబట్టుకుంటారు. కరెంటు పెడతారేమోనని భయం. పొలం కాడ తడి చేత్తో మోటారు స్టార్టరు ముట్టుకుని షాకు తిన్నవాళ్లకు ఆ భయం ఉండటంలో వింత లేదు. కానీ ఈసీజీ మిషన్ మీ ఒంట్లోకి వైద్యం కోసం కరెంటేమీ పంపదు. మీ గుండె తనంతట తాను పుట్టించే కరెంటును కొలుస్తుంది, అంతే.

ఆ కరెంటు ఎంత? చర్మం దగ్గరికి వచ్చేసరికి సుమారు ఒక మిల్లీవోల్టు. గోడ గడియారంలో వేసే బ్యాటరీ ఒకటిన్నర వోల్టు. అందులో పదిహేను వందల వంతు అన్నమాట. ఇంత చిన్నదాన్ని పట్టుకుని కాగితం మీద గీతగా మార్చడం ఎలాగో నూటపాతికేళ్ల కిందట ఒక డాక్టరు తేల్చారు. ఆయన పేరు విలెం ఐంథోవెన్. ఆయన ఆయుధం మీ పిల్లలు హైస్కూల్లో చదివే విద్యుదయస్కాంతత్వం పాఠమే.

జావా నుంచి లైడెన్‌కు

ఐంథోవెన్ 1860 మే 21న జావా దీవిలోని సెమరాంగ్‌లో పుట్టారు. ఇప్పుడది ఇండోనేషియా, అప్పట్లో డచ్చివారి వలస. తండ్రి అక్కడే డాక్టరు. విలెం చిన్నతనంలోనే తండ్రి పోయారు. ఆరుగురు పిల్లలను వెంటబెట్టుకుని తల్లి 1870లో నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ నగరానికి చేరుకున్నారు. తండ్రి బాటలోనే నడవాలని కొడుకు అక్కడి విశ్వవిద్యాలయంలో వైద్యవిద్యలో చేరారు.

ఆటలంటే ఆయనకు ప్రాణం. కసరత్తులు, పడవ పందేలు, సైకిలు ఏదీ వదిలేవారు కాదు. ఒకసారి కసరత్తు చేస్తూ పడి మణికట్టు విరగ్గొట్టుకున్నారు. మంచంలో ఊరికే ఉండలేక, చెయ్యి ఎలా తిరుగుతుంది, మోచేతి కీలు అందులో ఏం చేస్తుంది అని ఆలోచించి దాని మీదే ఒక వ్యాసం రాశారు. 1885లో డాక్టరేటు పూర్తయింది. మరుసటి ఏడాదికల్లా లైడెన్ విశ్వవిద్యాలయంలో శరీరధర్మశాస్త్ర ఆచార్యుడిగా పాఠాలు మొదలుపెట్టారు. అప్పటికి ఆయనకు పాతికేళ్లు. జీవితాంతం అదే ఊళ్లో, అదే పదవిలో ఉన్నారు.

ఉప్పునీళ్లలో కాళ్లు పెట్టిన కుక్క

గుండెకు కరెంటు ఉందని కనిపెట్టింది ఐంథోవెన్ కాదు. 1856లోనే కోలికర్, ముల్లర్ అనే శాస్త్రవేత్తలు కొట్టుకుంటున్న కప్ప గుండె మీద మరో కప్ప కాలి నరాన్ని ఆనించి చూశారు. గుండె కొట్టుకున్నప్పుడల్లా ఆ కాలి కండ అదిరింది. 1887లో లండన్‌లో అగస్టస్ వాలర్ మనిషి ఛాతీని కోయకుండానే, చర్మం మీది నుంచే ఆ కరెంటును నమోదు చేశారు. తన పెంపుడు బుల్‌డాగ్ జిమ్మీ కాళ్లను ఉప్పునీళ్ల గిన్నెల్లో నిలబెట్టి అందరికీ చూపించేవారు. 1889లో బాసెల్ నగరంలో జరిగిన శరీరధర్మశాస్త్ర మహాసభలో వాలర్ ప్రదర్శనను ఐంథోవెన్ చూశారు.

ఉప్పునీళ్లు ఎందుకని మీకు అనుమానం రావచ్చు. ఎండిన చర్మం కరెంటును సరిగా పోనివ్వదు. ఉప్పునీళ్లలోని సోడియం, క్లోరైడ్ అయాన్లు పోనిస్తాయి. ఇప్పుడు ఛాతీ మీద రాసే జెల్లీ చేసే పనీ అదే. తడి చేత్తో స్విచ్చు ముట్టుకోవద్దని ఇంట్లో పెద్దలు చెప్పేదీ ఈ లక్షణం వల్లే.

వాలర్ వాడిన పరికరంలో సన్నని గాజు గొట్టం, అందులో పాదరసం ఉండేవి. కరెంటు మారితే పాదరసం మట్టం కొద్దిగా కదిలేది. కానీ పాదరసం బరువైనది. గుండె పరుగును అది అందుకోలేదు. గుండె ఒక గడప దాటేసరికి పాదరసం ఇంకా మొదటి మెట్టు మీదే ఉండేది. ఐంథోవెన్ ఏళ్ల తరబడి ఆ వంకర గీతలను గణితంతో సరిచేశారు. అలా సరిచేసిన గీతలోని మెట్టపల్లాలకు 1895లో పీ, క్యూ, ఆర్, ఎస్, టీ అని పేర్లు పెట్టారు. ఇవాళ మీ రిపోర్టు మీద డాక్టరు వాడే అక్షరాలు అవే. అయినా ప్రతి రోగికీ పేజీలకు పేజీలు లెక్కలు వేస్తూ కూర్చుంటే వైద్యం జరగదు. పరికరమే మారాలి.

అయస్కాంతాల నడుమ వెండి దారం

ఇక్కడే భౌతికశాస్త్రం పాఠం అక్కరకు వచ్చింది. కరెంటు పారుతున్న తీగను అయస్కాంత క్షేత్రంలో పెడితే దాని మీద బలం పనిచేస్తుంది. ఆ బలం తీగకూ, క్షేత్రానికీ రెంటికీ లంబంగా ఉంటుంది. క్షేత్రం ఎంత గట్టిదో, కరెంటు ఎంత ఎక్కువో, తీగ ఎంత పొడవో, బలం అంత పెరుగుతుంది. మీ బోరు మోటారును తిప్పేదీ ఇదే బలం. అప్పట్లో లైడెన్‌లోనే పాఠాలు చెబుతున్న హెండ్రిక్ లోరెంట్జ్ పేరును ఈ రకం బలానికి పెట్టుకున్నాం.

మోటారులో ఆంపియర్ల కొద్దీ కరెంటు ఉంటుంది. గుండె ఇచ్చేది చాలా చాలా స్వల్పం. కరెంటును పెంచే వీలు లేదు, అది గుండె చేతిలో ఉంది. మరి మన చేతిలో ఏముంది? ఒకటి, అయస్కాంతాన్ని వీలైనంత బలంగా చేయడం. రెండు, కదలాల్సిన వస్తువును వీలైనంత తేలికగా చేయడం. ఐంథోవెన్ ఈ రెండూ చేశారు.

తీగ కోసం క్వార్ట్జ్‌ను ఎంచుకున్నారు. దాన్ని కరిగించి, బాణానికి అంటించి, ఆ బాణాన్ని గదికి అడ్డంగా వదిలితే వెనక సన్నని పోగు సాగుతుంది. మందం మిల్లీమీటరులో వెయ్యో వంతుకు రెండు మూడింతలు. మన తల వెంట్రుక దానికి ఇరవై రెట్లు లావు. క్వార్ట్జ్‌లో కరెంటు పారదు కాబట్టి దానికి వెండి పూత పూశారు. ఆ దారాన్ని పెద్ద విద్యుదయస్కాంతం రెండు ధ్రువాల నడుమ బిగించారు. గుండె కరెంటు పారినప్పుడల్లా దారం ఇటూ అటూ ఊగుతుంది. దాని మీద బలమైన దీపం వెలుతురు వేసి, నీడను వందల రెట్లు పెద్దదిగా చేసి, కదులుతున్న ఫోటో పలక మీద పడేలా చేశారు. దారాన్ని వదులు చేస్తే ఎక్కువ ఊగుతుంది కానీ మందకొడిగా ఉంటుంది. బిగిస్తే చురుగ్గా ఉంటుంది కానీ తక్కువ ఊగుతుంది. ఆ బిగువు కుదరడంలోనే అసలు పనితనం ఉంది.

తీగతో పనిచేసే ఇలాంటి పరికరాన్ని అంతకుముందే ఫ్రాన్స్‌లో క్లెమెంట్ అడేర్ టెలిగ్రాఫ్ కోసం వాడారు. కానీ గుండెను వినేంత సున్నితంగా మలిచింది ఐంథోవెనే. 1901లో ఆ పరికరాన్ని లోకానికి ప్రకటించారు. దాని బరువు సుమారు 270 కిలోలు. నడపడానికి ఐదుగురు మనుషులు కావాలి. వేడెక్కిన అయస్కాంతాన్ని నీళ్లతో చల్లబరచాలి. రోగి రెండు చేతులు, ఒక కాలు ఉప్పునీళ్ల పాత్రల్లో పెట్టి కూర్చోవాలి.

రోగి రాలేకపోతే గీతే వస్తుంది

ఇంత బరువైన మిషన్‌ను దవాఖానకు మోసుకుపోలేరు. మంచాన పడ్డ రోగిని ప్రయోగశాలకు తేలేరు. నడుమ దూరం కిలోమీటరున్నర. 1905లో ఐంథోవెన్ టెలిఫోన్ తీగలు అడిగి తీసుకున్నారు. రోగి దవాఖానలోనే ఉన్నాడు, అతని గుండె కరెంటు తీగ మీద ప్రయాణించి ప్రయోగశాలలో గీతగా పడింది. ఇవాళ చిన్న దవాఖానలో తీసిన ఈసీజీని ఫోన్లో నిజామాబాద్‌లోనో హైదరాబాద్‌లోనో ఉన్న గుండె డాక్టరుకు పంపి సలహా అడుగుతున్నామంటే, ఆ పనికి మొదటి అడుగు అదే.

మూడు తీగలకు ఒక లెక్క

కుడి చెయ్యి, ఎడమ చెయ్యి, ఎడమ కాలు. ఈ మూడింటినీ కలిపితే గుండె చుట్టూ ఒక త్రిభుజం. దానికి ఐంథోవెన్ త్రిభుజమనే పేరు. రెండు చేతుల నడుమ తేడా మొదటి లీడ్. కుడి చెయ్యి, ఎడమ కాలి నడుమ తేడా రెండోది. ఎడమ చెయ్యి, ఎడమ కాలి నడుమ తేడా మూడోది. ఏ క్షణంలో చూసినా మొదటిదీ మూడోదీ కలిపితే రెండోది రావాలి. కిర్చాఫ్ లూప్ నియమం చదివిన విద్యార్థికి ఇందులో కొత్త ఏమీ లేదు. ఇంట్లో పాత ఈసీజీ ఉంటే పిల్లల చేత గళ్లు లెక్కపెట్టించి చూడండి. నిలువునా పది చిన్న గళ్లు ఒక మిల్లీవోల్టు. అడ్డంగా ఒక చిన్న గడి సెకనులో 25వ వంతు.

మన దగ్గర ఎక్కువగా వాడే క్లిప్పుల్లో కుడి చేతిది ఎరుపు, ఎడమ చేతిది పసుపు, ఎడమ కాలిది ఆకుపచ్చ. కుడి కాలికి పెట్టే నల్లది గీత శుభ్రంగా రావడానికి. చేతుల క్లిప్పులు తారుమారైతే మొదటి లీడ్ తలకిందులవుతుంది. అందుకే కొన్నిసార్లు మళ్లీ తీస్తారు. అది చూసి కంగారు పడకండి.

అందరి చేతికీ

ఇంగ్లండ్‌లో కేంబ్రిడ్జి సైంటిఫిక్ ఇన్‌స్ట్రుమెంట్ కంపెనీ ఆ మిషన్‌ను బల్ల మీద పట్టేంత చేసింది. లండన్ వైద్యుడు థామస్ లూయిస్ దానితో గుండె లయ తప్పే జబ్బులను ఒక్కొక్కటిగా విప్పి చూపారు. 1920లో న్యూయార్క్ వైద్యుడు హెరాల్డ్ పార్డీ, గుండె రక్తనాళం మూసుకుపోతే గీతలో కనిపించే మార్పును వివరించారు. ఇవాళ గుండెపోటును పట్టుకోవడానికి ఆ మార్పు ఎంతో సాయపడుతుంది.

1924లో ఐంథోవెన్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. ఇక్కడ మంజీర మీద నిజాంసాగర్ కడుతున్న రోజులవి. బహుమతి ఉపన్యాసంలో ఆయన లూయిస్ కృషిని మనసారా తలచుకున్నారు. తనకు పరికరాలు చేసిపెట్టిన సహాయకుడు అప్పటికే చనిపోతే, బీదరికంలో ఉన్న అతని అక్కచెల్లెళ్లను వెతికి బహుమతి సొమ్ములో సగం ఇచ్చారని ఆయన కథ చెప్పేవాళ్లు చెబుతారు. కొడుకు ఎలక్ట్రికల్ ఇంజినీరై, అదే దారపు పరికరాన్ని రేడియో సంకేతాలు అందుకోవడానికి మలిచి జావాలో పనిచేశారు. ఐంథోవెన్ 1927 సెప్టెంబరులో, చాలాకాలం జబ్బుతో బాధపడి కన్నుమూశారు.

మీ చేతిలో ఉన్నది

ఐంథోవెన్ గీత ఎంత గొప్పదైనా, మనిషి దవాఖానకు వస్తేనే పనికొస్తుంది. ఛాతీ పట్టేసినట్టుండి, ఎడమ రెక్క గుంజి, చెమటలు పోస్తుంటే చాలామంది గ్యాస్ అనుకుని సోడా తాగి, మాత్ర వేసుకుని తెల్లారేదాకా చూస్తారు. షుగరు ఉన్నవాళ్లలో, ఆడవాళ్లలో, పెద్ద వయసువాళ్లలో నొప్పి సరిగా తెలియకపోవచ్చు. ఆయాసం, నీరసం, వాంతి, చెమట మాత్రమే ఉండొచ్చు. గుండెపోటులో గడ్డను కరిగించే ఇంజెక్షన్ మొదటి రెండు మూడు గంటల్లో బాగా పనిచేస్తుంది. ఆలస్యమయ్యేకొద్దీ గుండె కండ చచ్చిపోతూ ఉంటుంది, చచ్చిన కండ తిరిగి రాదు. కాబట్టి అనుమానం రాగానే 108కి ఫోన్ చేయండి. బండి మీద ఒక్కరే బయలుదేరకండి.

మొదటి ఈసీజీ బాగానే ఉందన్నా డాక్టరు ఉండమంటే ఉండండి. గుండెపోటు మొదట్లో గీత మామూలుగా కనిపించవచ్చు. అందుకే కాసేపాగి మళ్లీ తీస్తారు, రక్తపరీక్ష చేస్తారు. తీసేటప్పుడు వణకకుండా, మాట్లాడకుండా పడుకోండి. కండరాలకూ కరెంటు ఉంది, అది గీతను చెరుపుతుంది.

ఒక్క మాట ఇంకా. ఈసీజీ కాగితం మీది గీత వేడితో పడుతుంది, కొన్నాళ్లకు మాసిపోతుంది. లామినేషన్ చేయిస్తే కాగితం నల్లబడుతుంది. తీసిన రోజే ఒక జిరాక్సు తీయించి, ఫోన్లో ఫోటో కూడా తీసి పెట్టుకోండి. రేపు కొత్త గీతలో మార్పు ఉందా లేదా తేల్చడానికి డాక్టరు మొదట అడిగేది ఆ పాత గీతనే.