180 డిగ్రీల సంగతి తనంతట తానే తేల్చుకున్న పిల్లవాడు పాస్కల్

మిడిల్ స్కూల్ పిల్లలున్న ఇళ్లలో ఈ లెక్క తప్పకుండా కనిపిస్తుంది. త్రిభుజంలో రెండు కోణాలు ఇచ్చి మూడోది కనుక్కోమంటారు. 50, 60 ఇస్తే, రెండూ కలిపి 180లోంచి తీసేసి 70 అని రాసేస్తారు మన పిల్లలు. ఆ 180 ఎక్కడి నుంచి వచ్చిందంటే మాత్రం చాలామంది దగ్గర సమాధానం ఉండదు. దాన్ని పన్నెండేళ్ల వయసులో, పుస్తకం లేకుండా, టీచర్ లేకుండా తేల్చుకున్నాడని పేరు తెచ్చుకున్న వ్యక్తి బ్లేజ్ పాస్కల్.

పాస్కల్ 1623 జూన్ 19న ఫ్రాన్స్‌లోని క్లెర్మాంట్‌లో పుట్టాడు. మూడేళ్లప్పుడే తల్లి పోయింది. అక్క జిల్బెర్త్, చెల్లెలు జాక్లిన్. తండ్రి ఎటియెన్ పన్నుల కోర్టులో పెద్ద అధికారి, పైగా లెక్కల్లో దిట్ట. ఆయన మళ్లీ పెళ్లి చేసుకోలేదు. 1631లో పిల్లల్ని తీసుకుని పారిస్ చేరాడు. కొడుకుని బడికి పంపకుండా చదువంతా తానే చెప్పాడు.

ఆ ఇంట్లో ఒక కట్టుబాటు ఉండేది. ముందు లాటిన్, గ్రీకు భాషలు రావాలి, పదిహేనేళ్లు వచ్చేదాకా లెక్కల జోలికి వెళ్లకూడదు. లెక్కల రుచి తగిలితే పిల్లవాడు భాషల్ని పట్టించుకోడని ఎటియెన్ భయం. అందుకే ఇంట్లో గణితం పుస్తకాలన్నీ దాచేశాడు. స్నేహితులతో మాట్లాడేటప్పుడు కూడా పిల్లవాడి ముందు ఆ ఊసు ఎత్తేవాడు కాదు. వద్దన్న కొద్దీ పాస్కల్‌కి కుతూహలం పెరిగింది. అసలు జ్యామితి అంటే ఏమిటని తండ్రినే అడిగాడు. బొమ్మల్ని కచ్చితంగా గీయడం, వాటి కొలతల మధ్య సంబంధం తెలుసుకోవడమని ఎటియెన్ ఒక్క ముక్కలో చెప్పి, ఇక దాని గురించి ఆలోచించవద్దన్నాడు.

ఆ ఒక్క ముక్కే సరిపోయింది. ఆటవిడుపు వేళల్లో బొగ్గు ముక్కతో గది నేల మీద బొమ్మలు గీసుకునేవాడు. పేర్లు తెలియవు కాబట్టి సరళరేఖని కడ్డీ అన్నాడు, వృత్తాన్ని గుండ్రం అన్నాడు. ఒక్కొక్క మెట్టు ఎక్కుతూ త్రిభుజంలోని మూడు కోణాలూ కలిపితే రెండు లంబకోణాలకు సమానమనే చోటుకి వచ్చాడు. రెండు లంబకోణాలంటే మన 180 డిగ్రీలే. యూక్లిడ్ గ్రంథం మొదటి భాగంలో ఇది 32వ సిద్ధాంతం. ఈ కథ రాసిపెట్టింది అక్క జిల్బెర్త్. పిల్లవాడు యూక్లిడ్‌ను దొంగచాటుగా చదివాడని చెప్పినవాళ్లూ ఆ రోజుల్లో ఉన్నారు. ఎలా జరిగినా, పన్నెండేళ్లకు ఆ మెట్టు దాకా రావడం సామాన్యం కాదు.

ఇందులోని తర్కం పెద్ద కష్టమేమీ కాదు. త్రిభుజం పై మూల గుండా భూమికి సమాంతరంగా ఒక గీత గీయండి. కింది రెండు కోణాలకు సమానమైన ఏకాంతర కోణాలు ఆ గీత దగ్గర, పై కోణానికి అటూ ఇటూ ఏర్పడతాయి. మూడూ పక్కపక్కన చేరి తిన్నని గీత అవుతాయి. అదే 180.

ఇది అర్థమైతే త్రిభుజాల రకాలు బట్టీ పట్టక్కర్లేదు. ఒక త్రిభుజంలో రెండు లంబకోణాలు ఎందుకు ఉండవు? ఆ రెండింటికే 180 అయిపోతుంది, మూడోదానికి ఏమీ మిగలదు. అధికకోణం కూడా ఒకటికి మించి ఉండదు. సమబాహు త్రిభుజంలో కోణాలు మూడూ సమానం, కాబట్టి ఒక్కోటి 60. సమద్విబాహు త్రిభుజంలో సమాన భుజాల మధ్య కోణం 40 అయితే మిగిలిన 140ని చెరి సగం చేస్తే 70, 70.

ఒకరోజు ఎటియెన్ చప్పుడు లేకుండా గదిలోకి వచ్చాడు. పిల్లవాడు బొమ్మల్లో మునిగిపోయి చూసుకోలేదు. ఏం చేస్తున్నావని తండ్రి అడిగితే కడ్డీలు, గుండ్రాలు అంటూ చెప్పుకొచ్చాడు. ఎటియెన్ కోప్పడలేదు. నోట మాట రాక, దగ్గర్లో ఉన్న స్నేహితుడి ఇంటికి వెళ్లి ఆనందంతో కళ్లనీళ్లు పెట్టుకున్నాడట. తన కట్టుబాటు తానే తీసేసి, కొడుకు చేతికి యూక్లిడ్ పుస్తకం ఇచ్చాడు.

తర్వాత కథ లోకానికి తెలిసిందే. పదహారేళ్లకు శాంకవాల మీద చిన్న వ్యాసం రాసి, 1640లో అచ్చు వేయించాడు. పన్నుల లెక్కలతో తండ్రి సతమతమవుతుంటే 1642లో కూడికలు, తీసివేతలు చేసే యంత్రం మొదలుపెట్టాడు. 1648లో బావగారి చేత పాదరసం గొట్టాన్ని కొండ మీదికి మోయించి, పైకి వెళ్లేకొద్దీ గాలి పీడనం తగ్గుతుందని చూపించాడు. 1654లో ఫెర్మాతో ఉత్తరాల ద్వారా సంభావ్యతకు పునాది వేశాడు. పాస్కల్ త్రిభుజంగా పిలిచే సంఖ్యల అమరిక మన దేశంలో మేరు ప్రస్తారంగా ముందే ఉంది. పద్దెనిమిదో ఏట నుంచీ జబ్బులు అతన్ని వదల్లేదు. 1662 ఆగస్టు 19న, 39 ఏళ్లకే కన్నుమూశాడు. పీడనం కొలతకు ఇప్పుడు అతని పేరే.

పరాయి దేశంలో పిల్లలు వెనకబడతారేమోనన్న భయంతో మనం క్లాసు కంటే రెండేళ్ల ముందు పాఠాలు చెప్పిస్తుంటాం. ఎటియెన్‌దీ భయమే, కాకపోతే ఆయన లెక్కల్ని ఆపాడు. గొప్పతనం ఆ పద్ధతిలో లేదు. పిల్లవాడు ఏం చేస్తున్నాడో చూసి, తన పద్ధతిని మార్చుకోవడంలో ఉంది. ఈసారి మీ అమ్మాయో అబ్బాయో 180 ఎందుకని అడిగితే, కాగితంతో ఒక త్రిభుజం కత్తిరించి చేతికివ్వండి. మూడు మూలలూ చింపి, కొనలు ఒకచోట కలిసేలా పక్కపక్కన పెట్టమనండి. తిన్నని గీత వస్తుంది. ఎందుకు వచ్చిందో మాత్రం వెంటనే చెప్పేయకండి. కాసేపు వాళ్లనే ఆలోచించనివ్వండి.