గురు గోవిందసింగు: గ్రంథమే తోడు

గోదావరీనది కందకుర్తి, బాసరల యొద్ద తెలుగునేలను చేరుటకు ముందు నాందేడు పట్టణము నొరసికొని ప్రవహించును. 1956 వఱకు ఈ పట్టణము హైదరాబాదు రాష్ట్రమున మన తెలంగాణముతో కలసియుండి, ఆ యేడు నవంబరు 1వ తేదీన బొంబాయి రాష్ట్రమునకును, 1960లో మహారాష్ట్రమునకును చెందినది. నేటికిని ఆ జిల్లాలోని ధర్మాబాదు, బిలోలి, దేగలూరు ప్రాంతములలో తెలుగు మాట వినవచ్చును. అయినను మనలో పెక్కురు నాందేడును పంజాబు యాత్రికులు దిగు రైలుస్టేషనుగా మాత్రమే యెఱుగుదురు. ఆ యాత్రికుల నంతదూరము రప్పించుచున్న మహాపురుషుని చరిత్రమును, అందు గ్రంథమునకు గల స్థానమును విచారించుట ప్రయోజనకరమని మా యభిప్రాయము. ఒంటరియైన మానవునకు గ్రంథము తోడు కాగలదా యను ప్రశ్నకు తన జీవితముననే సమాధాన మిచ్చిన వారిలో గురు గోవిందసింగు అగ్రగణ్యుడు.

ఆయన 1666లో పాట్నాయందు జన్మించెను. తండ్రి, సిక్కుల తొమ్మిదవ గురువగు తేగ్ బహదూరు, 1675లో ఔరంగజేబు ఆజ్ఞచే ఢిల్లీలో శిరచ్ఛేదము నొందెను. తొమ్మిదేండ్ల బాలుడు గురుపీఠము నధిష్ఠింపవలసి వచ్చెను. ఆనందపురమునను, పావంటాయందును ఆయన గడపిన దినములలో ఖడ్గవిద్యతోపాటు సాహిత్యమును వర్ధిల్లెను. ఆయన ఆస్థానమున ఏబదియిద్దఱు కవు లుండిరని సిక్కుల సంప్రదాయము. సంస్కృత గ్రంథములు వ్రజభాషలోనికి పరివర్తితములయ్యెను. వ్రజము, పారసీకము, పంజాబీ మూటియందును ఆయనకు పాండిత్యము గలదు.

1699 వైశాఖి పర్వమునాడు ఆయన ఖాల్సాను స్థాపించిన వృత్తాంతము సుప్రసిద్ధము. ఆనాడు ప్రాణార్పణమునకు సంసిద్ధులై ముందునకు వచ్చిన యైదుగురిలో ఒకడు లాహోరువాడు, ఒకడు హస్తినాపురమువాడు, ఒకడు ద్వారకవాడు, ఒకడు పూరీ జగన్నాథమువాడు, ఒకడు మన పొరుగునున్న బీదరు పట్టణపు క్షురకుడు. వేర్వేఱు కులముల వారును, ఒకరి భాష నొకరు సులభముగ గ్రహింపలేని దూరదేశముల వారును ఒక్క కుటుంబమైరి. వారి నట్లు కూర్చినవి గురువుల పాటలేయని గమనింపవలయును.

పిమ్మట ఘోరవిపత్తులు సంభవించెను. 1704-05 ప్రాంతమున, దీర్ఘకాలపు ముట్టడి తరువాత, సురక్షితముగ పోనిత్తుమని శత్రువులు చేసిన ప్రమాణములను నమ్మి ఆయన ఆనందపురమును విడిచెను. ప్రమాణములు భంగమయ్యెను. పొంగిపొరలు సిర్సా నదిని దాటునప్పుడు పరివారము చెదరిపోయెను. ఏండ్ల తరబడి కూర్చిన వ్రాతప్రతులు నీటి పాలయ్యెను. పెద్దకుమారులు అజిత్ సింగు, జుఝార్ సింగులు చమ్కౌరు పోరున మడిసిరి. చిన్నవారగు జోరావర్ సింగు, ఫతే సింగులు సర్హిందులో అధికారుల యాజ్ఞచే చంపబడిరి. ఆయన తల్లియు అచటనే నిర్బంధమున మరణించెను. కొలది దినములలో తల్లియు, నలుగురు కుమారులును, గ్రంథభాండాగారమును పోయినవి.

ఇట్టి స్థితిలో ఆయన చేసిన పనులను పాఠకులు శ్రద్ధతో పరిశీలింతురుగాక. మొదటిది, చక్రవర్తికి పారసీక పద్యములలో లేఖ వ్రాయుట. జఫర్‌నామా యను పేర ప్రసిద్ధమైన ఆ లేఖయందు దైన్యము లేదు. భగ్నమైన ప్రమాణములను గూర్చిన అభియోగమే గలదు. రెండవది, నేడు దమ్‌దమా సాహిబని పిలువబడు తల్వండీ సాబోయందు విడిదిచేసి, భాయి మణిసింగు లేఖకుడుగా ఆదిగ్రంథమును మరల వ్రాయించుట. 1604లో గురు అర్జునుడు కూర్పించిన మూలప్రతి కర్తార్‌పూరునందలి జ్ఞాతుల యధీనమున నుండెననియు, వారు దాని నీయ నిరాకరింపగా గోవిందసింగు గ్రంథమంతయు నోట చెప్పి వ్రాయించెననియు సంప్రదాయము చెప్పుచున్నది. న్యాయస్థానములలో దాయాదుల తగవులు చూచుచున్న మాకు ఈ కథ మిక్కిలి యర్థవంతముగ తోచును. పుస్తకమును పెట్టెలో పెట్టి తాళము వేసినవారికి ఆస్తి మిగిలినది. హృదయమున నిలుపుకొన్నవానికి గ్రంథము మిగిలినది.

ఆ కూర్పున ఆయన తండ్రియగు తేగ్ బహదూరు కీర్తనలను చేర్చెను. తన రచనలను మాత్రము చేర్పలేదని సంప్రదాయము. తొమ్మిదవ యేట తండ్రిని గోల్పోయిన వాడు, నలుగురు కొడుకులను గోల్పోయిన పిదప తండ్రి గొంతును గ్రంథమున నిలుపుచున్నాడు. గ్రంథమనగా నేమో యింతకన్న విశదముగ చెప్ప నెవ్వరి తరము?

ఆ గ్రంథమున గురువుల వాక్కులే గాక, నేతగాడగు కబీరు, చర్మకారుడగు రవిదాసు, ముస్లిము సూఫీయగు షేక్ ఫరీదు, మహారాష్ట్రుడగు నామదేవుడు మున్నగువారి గీతములును గలవు. దర్జీకులమువాడైన నామదేవుని జన్మస్థలము నాందేడునకు అనతిదూరమున హింగోలి ప్రాంతమునందలి నర్సీ యని ప్రసిద్ధి. శతాబ్దములు గడచిన పిమ్మట ఆతని పాటలు పంజాబు లిపిలో, పంజాబు గాయకుల కంఠములలో, మరల ఈ గోదావరీ ప్రాంతమునకే వచ్చినవి. కవి యెఱుగని దేశమువారు కవిని తమవానిగా చేసికొనిరి.

1707లో ఔరంగజేబు మరణించెను. నూతన చక్రవర్తి బహదూర్‌షాతో దక్షిణమునకు వచ్చిన గురువు 1708లో నాందేడు చేరెను. మాధవదాసను బైరాగి ఆయనకు శిష్యుడై బందాసింగుగా పంజాబునకు పయనమైనది ఇచటనే. ఇచటనే ఒక పఠాను ఆయనను కత్తితో పొడిచెను. గాయము మానుచున్నట్లు కనబడియు మరల తిరుగబెట్టగా, 1708 అక్టోబరు 7వ తేదీన, నలువదియొక్క యేండ్ల ప్రాయమున ఆయన పరమపదించెను. ఇకమీదట గురువుగా ఏ మనుష్యుడు నుండడనియు, గ్రంథమే గురువనియు ఆయన శాసించెనని సిక్కుల విశ్వాసము. ఈ సిద్ధాంతము ఆ శతాబ్దమున క్రమముగా స్థిరపడెనని కొందఱు చరిత్రకారులు వాదింతురు. ఎట్లయినను, ప్రధాన సిక్కు సంప్రదాయము ననుసరించి ఆ పీఠమున మఱియొక మనుష్యుడు కూర్చుండలేదు.

పుస్తకము కన్నీరు తుడువజాలదు, ఎదురు ప్రశ్న వేయజాలదు, అది మనుష్యునకు బదులెట్లగునని కొందఱు ఆక్షేపింపవచ్చును. ఆక్షేపణ న్యాయమైనదే. కాని 1716లో బందాసింగు ఢిల్లీలో వధింపబడిన పిమ్మట అడవులపాలైన సిక్కుల స్థితిని తలచుకొనుడు. వారికి రాజు లేడు, నాయకుడు లేడు, గురువు లేడు. తమవలెనే కష్టపడిన నేతగాని మాటయు, చర్మకారుని మాటయు, చంపబడిన గురువు మాటయు వారికి వినబడుచుండెను. తన దుఃఖము తనకు మాత్రమే కలిగినదని తలచుటయే ఒంటరితనములో మిక్కిలి బాధాకరమైన భాగము. ఎన్నడో గతించిన కవి ఆ దుఃఖమునే తనకన్న చక్కగా పలికియుండుట చూచినవాడు ఆ భ్రమనుండి విముక్తుడగును. గ్రంథము చేయునది ఇంతయే. కాని ఇది అల్పము కాదు.

మఱియొక విషయము గలదు. గురువు గ్రంథమును ఏకాంతమున దాచుకొనుటకు ఈయలేదు; సంగతి యని పిలువబడు సభ నడుమ నుంచెను. ప్రతిదినము ఉదయమున గ్రంథమును తెఱచి, దొరకిన పుటనుండి ఒక గీతమును అందఱు వినునట్లు చదువుదురు. రాత్రి దానిని భక్తితో శయనింపజేయుదురు. అక్షరము రానివాడును దానికి పాఠకుడే. చదివినదానిని పదిమందితో పంచుకొనుటచేతనే ఒంటరితనము పూర్తిగా తొలగునని ఈ యేర్పాటు మనకు బోధించుచున్నది.

నాందేడు గురుద్వారము 1830 ప్రాంతములలో మహారాజా రణజిత్ సింగు నిర్మింపజేసినది. 2008లో అచట త్రిశతాబ్ది యుత్సవములు జరిగెను. అదే నిజాము రాజ్యమున, 1901లో హైదరాబాదునందు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును స్థాపించిన మన పెద్దలును, తమ భాష కాదరములేని చోట గ్రంథములచుట్టు మనుష్యులను చేర్చుటయే మార్గమని గుర్తించిరి. ఉద్యోగముల నిమిత్తము స్వగ్రామములను విడిచి రాజధాని గదులలో కాలము గడపు మన సోదరులు దీనిని గమనింతురుగాక. పోతనయో, వేమనయో, తిక్కనయో ప్రతి యింటి బీరువాలో నుండక మానడు. వారమున కొక సాయంకాలము నలుగురు కూడి ఆ గ్రంథమును బయటికి తీసి పైకి చదువుట కెంత వ్యయమగును? వీధికొక పఠనమందిరము లేకున్నను, వీధికొక వసారా యుండునుగదా. అచట ఆరంభింపవలయునని మా ప్రార్థన.