సెల్మన్ వాక్స్‌మన్

సెల్మన్ అబ్రహాం వాక్స్‌మన్ (జూలై 22, 1888 - ఆగష్టు 16, 1973) ప్రముఖ అమెరికన్ సూక్ష్మజీవ శాస్త్రవేత్త. క్షయవ్యాధిపై పనిచేసిన తొలి యాంటీబయాటిక్ ఔషధమైన స్ట్రెప్టోమైసిన్ ఈయన ప్రయోగశాలలోనే వెలువడింది. ఇందుకు 1952లో ఈయనకు వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

బాల్యం, విద్య

వాక్స్‌మన్ ఆనాటి రష్యా సామ్రాజ్యంలో, నేటి ఉక్రెయిన్‌లో ఉన్న నోవయా ప్రిలుకా గ్రామంలో ఒక యూదు కుటుంబంలో జన్మించాడు. 1910లో అమెరికాకు వలస వెళ్ళాడు. బాక్టీరియా శాస్త్రవేత్త జేకబ్ లిప్‌మన్ సలహాపై న్యూజెర్సీలోని రట్గర్స్ కళాశాలలో వ్యవసాయశాస్త్రం చదివి 1915లో పట్టా పొందాడు. 1918లో బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుండి జీవరసాయన శాస్త్రంలో డాక్టరేటు సాధించి రట్గర్స్‌కు తిరిగి వచ్చాడు. ఆ రోజుల్లో ఈ చదువుకు జీతం స్వల్పం; కొంతకాలం తకమినె ప్రయోగశాలలోనూ పనిచేయవలసి వచ్చింది. 1927లో వెలువడిన ఈయన గ్రంథం మృత్తికా సూక్ష్మజీవశాస్త్రానికి ఒక రూపం ఇచ్చింది.

స్ట్రెప్టోమైసిన్

1939లో ఈయన పూర్వ విద్యార్థి రెనే డ్యూబో మట్టిలోని బాక్టీరియా నుండి రోగక్రిములను చంపే పదార్థాన్ని వెలికితీశాడు. దానితో వాక్స్‌మన్ దృష్టి ఔషధాలవైపు మళ్ళింది. యాంటీబయాటిక్ అనే మాటను నేటి అర్థంలో ప్రచారంలోకి తెచ్చినది కూడా ఈయనే. 1940లో లభించిన ఆక్టినోమైసిన్ మితిమీరిన విషపదార్థమని తేలింది. 1943లో పరిశోధక విద్యార్థి ఆల్బర్ట్ షాట్జ్, నేలమాళిగలోని ప్రయోగశాలలో పనిచేస్తూ, స్ట్రెప్టోమైసిస్ గ్రిసియస్ అనే సూక్ష్మజీవి నుండి స్ట్రెప్టోమైసిన్‌ను కనుగొన్నాడు. ఆ జీవి రకాలలో ఒకటి ఎరువు వేసిన మట్టిలోనిది, మరొకటి కోడి గొంతులోనిది. పెన్సిలిన్‌కు లొంగని క్షయక్రిమి దీనికి లొంగింది. అయితే క్రిమి త్వరలోనే నిరోధకత పెంచుకొనడంతో దీనిని ఇతర మందులతో కలిపి వాడవలసి వచ్చింది.

వివాదం

1944 నాటి పరిశోధనా పత్రంలో షాట్జ్ పేరే మొదటిది. ఎలిజబెత్ బూగీ పేరు రెండవది, వాక్స్‌మన్ పేరు మూడవది. పేటెంటులో షాట్జ్, వాక్స్‌మన్ ఇద్దరి పేర్లూ ఉన్నాయి. కానీ ఖ్యాతి అంతా గురువుకే చెందింది. ఆయనకు రాయల్టీలో వాటా ముడుతున్నదని తెలిసి 1950లో షాట్జ్ దావా వేశాడు. అదే సంవత్సరం రాజీ కుదిరి, షాట్జ్ సహ ఆవిష్కర్తగా గుర్తింపునూ, రాయల్టీలో 3 శాతం వాటానూ పొందాడు. అయినా రెండేళ్ళ తరువాత నోబెల్ బహుమతి వాక్స్‌మన్ ఒక్కనికే దక్కింది. ప్రయోగశాలను, పరిశోధనా పద్ధతిని నిర్మించినది గురువు అయినప్పటికీ, షాట్జ్‌కు అన్యాయం జరిగిందనే అభిప్రాయం బలంగానే ఉంది.

ఇతర విశేషాలు

రాయల్టీ సొమ్ముతో 1954లో రట్గర్స్‌లో సూక్ష్మజీవశాస్త్ర సంస్థ ఏర్పడింది. అది తరువాత వాక్స్‌మన్ పేరునే ధరించింది. నియోమైసిన్ కూడా ఈయన ప్రయోగశాల నుండి వచ్చినదే. వాక్స్‌మన్ 1973లో మసాచుసెట్స్ రాష్ట్రంలో మరణించాడు.