పర్వతారోహకుడు మల్లి మస్తాన్‌బాబు

నెల్లూరు జిల్లా సంగము చెంతనున్న గాంధీజనసంఘ మను పల్లెలో, సామాన్య కుటుంబమున, 1974లో మస్తాన్‌బాబు జన్మించెను. కోరుకొండ సైనిక పాఠశాలలో చదువునపు డొక విగ్రహ మాతని నాకర్షించెను. అది యా పాఠశాల పూర్వవిద్యార్థియై, 1985లో సైనిక బృందముతో ఎవరెస్టు నెక్కబోయి యచటనే అసువులు బాసిన లెఫ్టినెంటు ఉదయభాస్కరరావుది. ఆ స్ఫూర్తియే బాలుని కొండలవైపు నడిపించెను. జంషెడ్‌పూరు, ఖరగ్‌పూరు, కలకత్తాలలో ఉన్నతవిద్య ముగించియు నాతడు పర్వతములనే వరించెను.

మదనపల్లె చెంతనున్న హార్స్‌లీ కొండవంటివి దాదాపు ఏడింటిని పేర్చినగాని ఎవరెస్టు ఎత్తు, అనగా 8,849 మీటర్లు, కాదు. శిఖరమున గాలి సముద్రతీరమున నుండుదానిలో మూడవ వంతే. కావున ఆరోహకులు బృందముగా జేరి, షెర్పాలు త్రాళ్లు కట్టి దారి చూపగా, మజిలీ మజిలీకి ఆగుచు నెక్కుదురు. 2006 మే 21న మస్తాన్‌బాబు ఆ శిఖరము నధిరోహించెను. ఆ యేటనే 172 దినములలో ఏడు ఖండముల మహోన్నత శిఖరములను జయించెను.

2015 మార్చిలో దక్షిణ అమెరికాయందలి ఆండీసు పర్వతములపై ఒంటరిగా నేగి తిరిగి రాలేదు. ఏప్రిల్‌లో ఆతని కాయము స్వగ్రామమునకు జేరినది. కొండ నెక్కుటకు ధైర్యము కావలెను. దిగివచ్చుటకు తోడును కావలెను. ఈ రెండును ఆతని జీవితము నేర్పు పాఠములు.