నైజర్ ఒడ్డున సేద్యం విడువని అలీ ఫర్కా టూరే

ఒకప్పుడు ఇస్లామీ విద్యలకు పేరుగాంచిన టింబక్టూ నగరం పశ్చిమాఫ్రికాలోని మాలి దేశంలో ఉంది. ఎడారి అంచున ప్రవహించే నైజర్ నదే ఆ ప్రాంతానికి ప్రాణం. ఆ నది ఒడ్డున కనౌ అనే పల్లెలో 1939లో ఒక ముస్లిం కుటుంబంలో అలీ జన్మించారు. తల్లికి ఆయన పదో కుమారుడు. ఆ పదిమందిలో బతికి బట్టకట్టింది ఆయనొక్కరే. బిడ్డలు దక్కని ఇంట్లో మిగిలిన వాడికి వింత పేరు పెట్టడం అక్కడి ఆచారం. మన పల్లెల్లో పెంటయ్య అని పెట్టడం వంటిదే ఇది. అలా వచ్చిందే ఫర్కా అనే పేరు. ఆ మాటకు గాడిద అని అర్థం. మొండిపట్టుకూ, ఓర్పుకూ పేరుపడ్డ ఆ జంతువు గుణాలు ఆయనకు చివరిదాకా తోడున్నాయి.

తండ్రి ఫ్రెంచి సైన్యంలో పనిచేస్తూ మరణించారు. కుటుంబం నియాఫుంకే అనే ఊరికి చేరింది. అలీకి బడిచదువు లేదు, పొలమే బడి. ఆ సీమలో పాట కొన్ని వంశాల వారికి పరంపరగా వచ్చే వృత్తి. అలీది గౌరవం గల కుటుంబం కావడంతో ఇంట్లోవారు ఒప్పుకోలేదు. అయినా ఆయన బాల్యంలోనే గుర్కెల్ అనే ఒంటితీగ వాద్యాన్ని స్వయంగా తయారు చేసుకొని వాయించడం నేర్చారు. సంగీతం విషయమై మన ధర్మవేత్తలలో భిన్నాభిప్రాయాలున్నాయి. ఆ చర్చ అటుంచి, ఈ మనిషి నడచిన దారి తెలుసుకోదగినది.

1956లో గినియా కళాకారుడు కైతా ఫోదేబా ప్రదర్శన చూశాక ఆయన మనసు గిటారు మీదికి మళ్లింది. డ్రైవరుగా బతుకు వెళ్లదీస్తూనే, గుర్కెల్‌పై పలికించిన బాణీలను గిటారుపై పలికించారు. 1968లో బల్గేరియా రాజధాని సోఫియాలో జరిగిన ఉత్సవానికి వెళ్లినప్పుడు తొలిసారి సొంత గిటారు కొనుక్కున్నారు. తర్వాత బమాకో చేరి రేడియో మాలిలో సౌండ్ ఇంజనీరుగా పనిచేశారు. సొంగాయ్, ఫులానీ, తువారెగ్ ప్రజల భాషల్లోనూ పాడారు.

ఆ రోజుల్లోనే అమెరికా నల్లజాతివారి బ్లూస్ పాటలు విన్నారు. అవి తన ఊరి పాటల్లాగే తోచాయి. ఆ గాయకుల పూర్వులను ఆఫ్రికా నుంచే బానిసలుగా పడవల్లో తరలించారు కదా! తర్వాత పాశ్చాత్యులు ఆయనను ఆఫ్రికా బ్లూస్ గాయకుడని పిలిచినప్పుడు ఆయన అంగీకరించలేదు. వేరు తమ నేలలోనే ఉందనీ, అక్కడ ఉన్నవి కొమ్మలూ ఆకులేననీ ఆయన వాదన.

1987లో బ్రిటన్ వెళ్లాక ఖ్యాతి ఖండాలు దాటింది. మన విశ్వమోహన్ భట్‌తో కలిసి గ్రామీ బహుమతి పొందిన అమెరికన్ రై కూడర్, అలీతోనూ కలిసి వాయించారు. వారి టాకింగ్ టింబక్టూ 1994లో వెలువడి అదే బహుమతి గెలుచుకుంది.

డబ్బు వచ్చింది, పేరు వచ్చింది. అయినా ఆయన తిరిగి నియాఫుంకేకే చేరారు. పాటతో వచ్చిన సొమ్ముతో బీడు నేలకు నది నీరు పారించి వరి పండించారు. ఎవరైనా అడిగితే ముందు రైతునని చెప్పుకునేవారు. 1999లో వచ్చిన ఆల్బమ్ కోసం రికార్డింగ్ యంత్రాలే ఆయన ఊరికి రావలసి వచ్చింది. పొలం పని తీరాకే పాట. 2004లో ఆ ఊరికి మేయరై రోడ్లకూ, మురుగు కాలువలకూ, విద్యుత్తు జనరేటరుకూ సొంత డబ్బు వెచ్చించారు.

తనకు ఎదురైన అడ్డంకినే ఆయన కొడుకు వియూకూ పెట్టారు. సంగీతం వద్దు, సైన్యంలో చేరమన్నారు. చివరికి మనసు మార్చుకొని దీవించారు. 2006 మార్చిలో ఎముకల క్యాన్సర్‌తో బమాకోలో కన్నుమూశారు. నియాఫుంకేలోనే ఖననం జరిగింది.

2012లో సాయుధ ముఠాలు ఉత్తర మాలిని ఆక్రమించి, మతం పేరిట అక్కడ సంగీతాన్ని నిషేధించాయి. అలీ ఊరు కూడా మూగబోయింది. మరుసటి ఏడాది ఆ ముఠాలను పట్టణాల నుంచి తరిమేశారు. వియూ నేటికీ తండ్రి బాణీలను వినిపిస్తున్నారు. తనకు దక్కిన సొమ్మును సొంత ఊరి మట్టికి, సొంత ఊరి ప్రజలకు పంచిన ఆ రైతును అల్లాహ్ కరుణించుగాక.